రిటైరయ్యాక ఒంటరిగా, గుడారం వేసుకుంటూ విశాఖ నుంచి కన్యాకుమారి దాకా: తరచుగా అడిగే ప్రశ్నలు

సంక్రాంతి వెళ్ళాక విశాఖలో నా కారులో ఒంటరిగా బయల్దేరి, కన్యాకుమారి దాకా 38 రోజులు తిరిగి వచ్చాను. వచ్చిన దగ్గర్నుంచీ పొద్దున్నే లాసన్స్ బే వైపు నడకకి వచ్చేవాళ్ళు, పాత సహోద్యోగులు, మా వీధివాళ్ళు అడుగుతూనే ఉన్నారు. వాళ్ళలో ఎక్కువమంది అరవై దాటినవాళ్ళు. ఊసుపోక అడగడం లేదు, తామూ వెళ్ళాలని మనసులో ఉండి అడుగుతున్నారు. అందుకే ఒకచోట వివరంగా రాస్తున్నాను.

అసలు మీరు ఎవరు, కారు నడపడం ఎప్పటి నుంచి?

నాకు 63 ఏళ్ళు. కేంద్ర ప్రభుత్వ పాఠశాలలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. మా వారు పోయి ఆరేళ్ళయింది. అమ్మాయి, అల్లుడు హైదరాబాద్‌లో ఉంటారు. కారు నేర్చుకున్నది 51వ ఏట, భీమిలి రోడ్డు మీద, తెల్లవారుజామున బండ్లు లేనప్పుడు. ఇంతకు ముందు ఒంటరిగా నడిపిన పెద్ద దూరం విజయనగరంలో మా తమ్ముడి ఇల్లే.

ఏ దారిన వెళ్ళారు?

వెళ్ళేటప్పుడు సముద్రం పక్కన, వచ్చేటప్పుడు లోపలి దారిన. అన్నవరం, యానాం, అంతర్వేది, చించినాడ వంతెన మీదుగా గోదావరి దాటి బాపట్ల దగ్గర సూర్యలంక, నెల్లూరు, సూళ్ళూరుపేట, మహాబలిపురం, చిదంబరం దగ్గర పిచ్చావరం, రామేశ్వరం, తిరుచెందూరు, కన్యాకుమారి. తిరుగు దారిలో మధురై, హోసూరు, లేపాక్షి, గండికోట, బెలుం గుహలు, శ్రీశైలం, విజయవాడ. నేరుగా వెళ్తే కన్యాకుమారి ఇక్కడికి సుమారు 1,500 కిలోమీటర్లు. నేను ఊళ్ళలోకి, తీరానికి మళ్ళుతూ వెళ్ళాను కాబట్టి రానూపోనూ 4,200 అయింది.

మొదటి రోజు అన్నవరంలోనే ఆగాను. సుమారు 120 కిలోమీటర్లే. "ఇంతోటి దానికి ఆగడమెందుకు" అని మా తమ్ముడు అన్నాడు. కానీ మొదటి రోజు ఒంటికి, కారుకి, సామాను సర్దుడుకి పరీక్ష. ఏదైనా మర్చిపోతే ఇంటికి వెనక్కి రాగలిగే దూరంలో ఉండాలి. నేను కళ్ళజోడు పెట్టె మర్చిపోయాను, తునిలో ఇంకోటి కొనుక్కున్నాను.

ఎప్పుడు బయల్దేరాలి?

ముక్కనుమ వెళ్ళాక. కనుమ నాడు కాకైనా కదలదంటారు, నేనూ కదల్లేదు. దానితోపాటు వాతావరణం కారణం కూడా ఉంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, తుపాన్లు ఈ తీరం మీదే పడతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసిన విశాఖవాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు. మార్చి మొదలైతే రాయలసీమలో ఎండ ముదురుతుంది, మధ్యాహ్నం కారు ఆపితే లోపల కూర్చోలేం. జనవరి మధ్య నుంచి ఫిబ్రవరి చివరి దాకా మనకి దొరికే సమయం.

రాత్రుళ్ళు ఎక్కడ పడుకున్నారు?

మొత్తం 37 రాత్రులు. కారులో 14, గుడారంలో 11, సత్రాలు, లాడ్జీల్లో 8, చుట్టాల ఇళ్ళలో 4.

అందరూ ఎక్కువగా అడిగేది ఇదే, నేను చెప్పాలనుకున్నది కూడా ఇదే. మన దేశంలో ఖాళీగా కనిపించే చోటు ఏదీ ఖాళీ కాదు. ఆ ఇసుక మీద తెల్లారితే వలలు ఆరేస్తారు. ఆ మామిడితోట ఎవరో కౌలుకి తీసుకున్నారు. ఆ చెరువు గట్టు మీదుగా పొద్దున్నే గేదెలు వెళ్తాయి. కాబట్టి నాకు నేను ఒక్కటే నియమం పెట్టుకున్నాను: ఆ చోటికి సంబంధించిన మనిషి ఒకరు "ఉండండమ్మా" అనే దాకా గుడారం సంచి విప్పకూడదు. ఫోన్‌లో మ్యాప్ చూపించినా సరే, ఎవరో అక్కడ పడుకున్నామని చెప్పినా సరే.

అడగాలంటే వెలుతురు ఉండాలి. అందుకే నాలుగున్నరకల్లా ఆగాల్సిన ఊరు చేరేదాన్ని. చీకట్లో వచ్చి అడిగే మనిషిని చూస్తే ఎదుటివాళ్ళకీ భయమే. నాలుగున్నరకి వచ్చి, టీ కొట్టు దగ్గర కూర్చుని, ఎక్కడి నుంచి వస్తున్నానో చెప్పి అడిగితే వాళ్ళే నలుగురు కలిసి చోటు వెతికిపెడతారు.

ఎవరిని అడగాలి? ఏమని అడగాలి?

గుడి ఉంటే గుడి ఆఫీసులో. మత్స్యకారుల పల్లె అయితే అక్కడి పెద్దల్ని. వాళ్ళ ఊళ్ళో పెద్దల మాట ఒకటి ఉంటుంది, ఆ మాట దొరికితే ఊరంతా మనకి కాపలా. హైవే మీదయితే పెట్రోలు బంకు మేనేజర్‌ని. చిన్న ఊరైతే పంచాయతీ ఆఫీసులో, లేదా సర్పంచి గారింట్లో. రెండు చోట్ల పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి పేరు, కారు నంబరు రాసిచ్చి వచ్చాను.

అంతర్వేది దాటాక ఒక పల్లెలో వలలు బాగుచేసుకుంటున్న పెద్దాయన్ని అడిగాను: "బాబూ, ఈ రాత్రికి ఇక్కడ గుడారం వేసుకుంటాను, మీకేమైనా ఇబ్బందా?" ఆయన సముద్రం వైపు చూసి, "ఇక్కడొద్దమ్మా, రేపు పౌర్ణమి. పోటొస్తే నీళ్ళు ఇక్కడి దాకా వచ్చేస్తాయి. రామాలయం అరుగు పక్కన వేసుకోండి, మా కోడలు నీళ్ళు తెచ్చిపెడతాది" అన్నారు. పౌర్ణమికి, అమావాస్యకి ఆటుపోట్లు పెద్దవని పిల్లలకి 30 ఏళ్ళు చెప్పాను. నేను ఎంచుకున్న చోటుకి ఆ నీళ్ళు వస్తాయని ఆయన చెబితే తెలిసింది. అడగకపోతే నా పరుపు తడిసేది.

తమిళనాడులో నాకు వచ్చిన ఒక్క ముక్క, "ఇంగే తంగలామా?" ఇక్కడ ఉండొచ్చా అని. దానికి తోడు కారు వెనక పరుపు చూపించేదాన్ని. మిగతాది సైగలతో అయిపోయేది.

ఎవరూ కాదనలేదా అంటే, అన్నారు. ఒక లాడ్జీలో ఒంటరి ఆడమనిషికి గది ఇవ్వం అన్నారు, 63 ఏళ్ళని ఆధార్ కార్డు చూపించినా సరే. నాకు చాలా బాధేసింది. అలాంటప్పుడు వాదనతో పొద్దు గడిపేయకండి, వెలుతురు ఉండగానే ఇంకో చోటు చూసుకోవాలి.

భయం వేయలేదా?

వేసింది. మొదటి మూడు రాత్రులు ఆకు రాలినా మెలకువే. తర్వాత చుట్టూ మనుషులు ఎక్కడున్నారో తెలిసిన రాత్రి బాగా నిద్రపోయాను, తెలియని రాత్రి పోలేదు. దాంతో చోటు ఎలా ఎంచుకోవాలో తెలిసింది. ఎవరూ లేని అందమైన చోటు కంటే పది ఇళ్ళున్న మామూలు చోటు మేలు.

మిగతావి చిన్న జాగ్రత్తలు. కారు ఎప్పుడూ రివర్స్‌లో పెట్టి, ముందు భాగం దారి వైపు ఉంచాలి. తాళంచెవి రోజూ ఒకే చోట ఉండాలి. ఎక్కడ పడుకుంటున్నానో ఆ ఊరివాళ్ళకి తప్ప దారిలో కలిసినవాళ్ళకి చెప్పేదాన్ని కాదు, అమ్మాయికి తప్పకుండా చెప్పేదాన్ని. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ ఎక్కువలో ఎక్కువ ఎనిమిది గంటలే ఉంటుంది కాబట్టి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మళ్ళీ పెట్టాలి. ఫోన్‌లో అత్యవసరానికి 112, మహిళల సహాయానికి 181, జాతీయ రహదారుల సహాయానికి 1033, అంబులెన్సుకి 108 పైనే ఉంచుకున్నాను.

చిన్న కారులో ఎలా పడుకుంటారు?

నాది వ్యాగన్ఆర్. వెనక సీటు మడిచి, దాని మీద వడ్రంగి చేత కోయించిన ప్లైవుడ్ ముక్క, పైన బూరుగు దూది పరుపు. ముందు సీటు బాగా ముందుకి జరిపితే ఐదడుగుల ఒక అంగుళం ఉన్న నేను కాస్త ఏటవాలుగా పడుకోగలను. పొడుగు మనుషులకి కుదరదు, వాళ్ళు పెద్ద బండి చూసుకోవాలి. సీట్లు పూర్తిగా పీకించి మార్పులు చేయిస్తే ఆర్‌సీతో, ఇన్సూరెన్సుతో ఇబ్బంది వస్తుంది. మడిస్తే సరిపోయే కారయితే అలాంటి టెన్షన్ లేదు.

ఒక మాట గట్టిగా చెప్తాను. ఇంజిన్ ఆన్‌లో పెట్టి, ఏసీ వేసుకుని, అద్దాలు మూసి పడుకోకండి. ఇంజిన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌కి అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. నిద్రలో ఉన్న మనిషికి తేడా తెలిసేలోపే చేయి దాటిపోతుంది. గుడారంలో, కారులో స్టవ్ వెలిగించకూడదన్నదీ, బొగ్గుల కుంపటి పెట్టుకోకూడదన్నదీ ఇందుకే. రెండు అద్దాలు రెండేసి అంగుళాలు దించి, వాటికి దోమతెర గుడ్డ కట్టుకోండి. జనవరిలో అది చాలు.

ఇసుకలో గుడారం నిలుస్తుందా?

గుడారంతో వచ్చే ఇనుప మేకులు ఇసుకలో నిలవవు. బాపట్ల తీరంలో మొదటి గాలికే నా గుడారం ఒక పక్క లేచిపోయింది. పక్కన బజ్జీల బండి కుర్రాడు చూసి, నాలుగు ఖాళీ ఎరువుల సంచులు తెచ్చి, సగం సగం ఇసుక నింపి, తాళ్ళు వాటికి కట్టి, మోకాలి లోతు గోతుల్లో పాతిపెట్టాడు. తెల్లారే దాకా కదల్లేదు. అప్పటి నుంచి నాలుగు సంచులు కారులోనే ఉన్నాయి.

గుడారం తలుపు గాలి వచ్చే వైపు పెట్టకండి. అలల గీతకి బాగా వెనక్కి, వీలైతే సరుగుడు తోట అంచున వేసుకోండి, అదీ తోటవాళ్ళు సరేనంటేనే.

ఈ నెలల్లోనే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. తెల్లటి టార్చి వెలుగు చూస్తే తల్లి తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనక్కి వెళ్ళిపోవచ్చు. పుట్టిన పిల్లలు వెలుగు ఎటు ఎక్కువుంటే అటు నడుస్తాయి కాబట్టి సముద్రానికి బదులు మన గుడారం వైపు వచ్చి చచ్చిపోతాయి. టార్చికి ఎర్ర కాగితం చుట్టుకోండి, లాంతరు బయట వేలాడదీయకండి. మన విశాఖ తీరంలోనే ఏటా వాటి గుడ్లు ఏరి కాపాడుతుంటారు. మనం ఒక రాత్రి దీపం ఆర్పుకోవడం పెద్ద పనేం కాదు.

బాత్రూమ్ సంగతి?

ఆడవాళ్ళందరూ గొంతు తగ్గించి అడిగే ప్రశ్న. అడగాల్సిన ప్రశ్నే.

నేను చోటు ఎంచుకునేటప్పుడు ముందు చూసేది బాత్రూమ్, తర్వాతే సముద్రం. సత్రాల్లో, గుళ్ళ దగ్గర, పెద్ద పెట్రోలు బంకుల్లో ఉంటుంది. తాళం వేసి ఉంటే తాళంచెవి అడగండి, మొహమాటపడొద్దు. రాత్రికి మాత్రం బిగుతు మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ బకెట్, అడుగున రంపపు పొట్టు పెట్టుకున్నాను. చీకట్లో బయటికి వెళ్ళే పని లేకుండా పోయింది. దీనికి భయపడి నీళ్ళు తాగడం మానేయకండి. మన వయసులో మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తే ప్రయాణం ఆసుపత్రిలో ఆగుతుంది.

రోజుకి ఎంత దూరం నడిపేవారు?

సగటున 110 కిలోమీటర్లు, ఎక్కువ నడిపిన రోజు 240. గంటన్నరకి ఒకసారి దిగి పది నిమిషాలు నడిచేదాన్ని, లేకపోతే కాళ్ళు వాస్తాయి. రాత్రి నడపలేదు. కంటిశుక్లాల ఆపరేషన్ అయ్యాక ఎదుటి లైట్లు నాకు చక్రాల్లా కనిపిస్తాయి. కళ్ళు బాగున్నవాళ్ళకీ రాత్రి వద్దనే అంటాను. వెనక లైట్లు లేని ట్రాక్టర్లు, రోడ్డు పక్కన ఆపేసిన లారీలు, ఎదురుగా వచ్చే బైకులు ఉంటాయి. కోతల కాలంలో గోదావరి జిల్లాల చిన్న రోడ్ల మీద సగం దాకా ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్ళు పెడతారు, చీకట్లో ఆ రాళ్ళు కనబడవు.

కాగితాలు ఏవి సరిచూసుకోవాలి?

ముందుగా లైసెన్సు. 55 ఏళ్ళు దాటాక పునరుద్ధరిస్తే ఐదేళ్ళకే ఇస్తారు. దానికి డాక్టరు సంతకం చేసిన ఫారం 1ఎ కావాలి. గడువు తీరడానికి ఏడాది ముందు నుంచే పునరుద్ధరించుకోవచ్చు కాబట్టి ప్రయాణం మధ్యలో తీరిపోయేలా ఉంచుకోకండి. ఆర్‌సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ డిజిలాకర్‌లో పెట్టుకుని, జిరాక్సులు కూడా వెంట ఉంచుకోండి.

కేంద్ర పెన్షనర్లు జీవన్ ప్రమాణ్ (బతికే ఉన్నామని ఏటా ఇచ్చే ధ్రువపత్రం) నవంబరులోనే ముగించుకుంటే ప్రయాణంలో ఆ బెంగ ఉండదు. ఫోన్‌లో ముఖం చూపించి ఇంట్లోంచే ఇవ్వొచ్చు. నేను కొన్నప్పుడు సొంత కార్లకి ఫాస్టాగ్ వార్షిక పాస్ 3,000 రూపాయలు, జాతీయ రహదారుల మీద 200 ట్రిప్పులు లేదా ఏడాది, ఏది ముందయితే అది. రాష్ట్రాల టోల్‌గేట్ల దగ్గర అది చెల్లదు, అక్కడికి ఫాస్టాగ్‌లో విడిగా డబ్బుండాలి.

బీపీ, షుగర్ ఉన్నవాళ్ళు వెళ్ళొచ్చా?

నాకు బీపీ ఉంది. వెళ్ళేముందు డాక్టరుకి చూపించుకుని, 50 రోజుల మాత్రలు తీసుకుని, రెండు సంచుల్లో విడిగా పెట్టుకున్నాను. చీటీలో బ్రాండు పేరుతోపాటు మందు అసలు పేరు కూడా రాయించుకోండి, వేరే రాష్ట్రంలో మీ బ్రాండు దొరక్కపోవచ్చు. మందులు ఎండలో నిలబెట్టిన కారులో వదలకండి. ఇన్సులిన్ వాడేవాళ్ళు చల్లగా ఉంచే ఏర్పాటు ముందే చూసుకోవాలి, మీ డాక్టరుతో మాట్లాడకుండా బయల్దేరొద్దు.

తిండి?

పొద్దున అటుకులు, పెరుగు లేదా బెల్లం. మధ్యాహ్నం ఏదో ఒక మెస్‌లో భోజనం. రాత్రికి చిన్న స్టవ్ మీద ఆరుబయట ఉప్మా, లేదా అన్నంలోకి ఇంటి కందిపొడి, మాగాయ. మాగాయ సీసా తమిళనాడులో నాకు స్నేహితుల్ని తెచ్చిపెట్టింది, రామేశ్వరానికే అయిపోయింది.

ఎంత ఖర్చయింది?

పెట్రోలు 24,300. భోజనం, టీలు 10,500. గదులు 7,600. గుడారం వేసుకున్నందుకు, పార్కింగుకి ఇచ్చింది 2,400. టోల్ పాస్ 3,000. బయల్దేరేముందు కారు సర్వీసింగు 6,500. పడవలు, ప్రవేశ రుసుములు, పంక్చర్లు అన్నీ కలిపి 4,000. మొత్తం 58,300 రూపాయలు. యానాంలో పెట్రోలు మన దగ్గరకంటే చవక, అటు వెళ్తే అక్కడ ట్యాంకు నింపుకోండి.

ఎక్కడ ఆగకూడదు?

ధనుష్కోడిలో రాత్రి ఉండనివ్వరు, సాయంత్రానికల్లా అందర్నీ వెనక్కి పంపేస్తారు. 1964 డిసెంబరు తుపానులో ఊరు ఊరంతా పోయిన చోటు అది. పాడుబడ్డ చర్చి గోడ దగ్గర నిలబడితే ఎందుకు ఉండనివ్వరో అర్థమవుతుంది. రామేశ్వరం వచ్చి పడుకోండి.

శ్రీశైలం అడవి దారిలో రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బండ్లు వెళ్ళనివ్వరు. అది పులుల అడవి. గేటు దగ్గరికి ఆలస్యంగా వెళ్ళి ఇరుక్కోకండి. ఏ రిజర్వు అడవిలోనైనా అటవీశాఖ అనుమతి లేకుండా గుడారం వేయకూడదు.

గండికోటలో పెన్నా లోయ అంచుకి చాలా చోట్ల గోడ లేదు, కంచె లేదు. అక్కడ గుడారాలు అద్దెకిచ్చేవాళ్ళు చూపించిన చోటే పడుకోండి. రాత్రి లేచి అంచు వైపు నడవకండి.

ఏదైనా పెద్ద ఇబ్బంది వచ్చిందా?

కోనసీమలో ఫోన్ చూపించిన దగ్గరి దారిలో వెళ్ళి, కాలవ గట్టు మీద ఎడమ చక్రాలు మెత్తటి మట్టిలో దిగబడిపోయాయి. అప్పటికి ఐదున్నర. తప్పు నాదే, నాలుగున్నరకి ఆగాల్సింది. కొబ్బరికాయలు దింపుతున్న ఇద్దరు అన్నదమ్ములు ట్రాక్టరు తెచ్చి లాగారు. డబ్బు ఇవ్వబోతే పెద్దతను తీసుకోలేదు. "చీకటి పడే వేళ ఈ గట్టెందుకెక్కారండీ మామ్మగారూ, మమ్మల్ని అడగొచ్చు కదా" అని కోప్పడ్డాడు. ఆ కోపం నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. ఆ రాత్రి వాళ్ళింటి వాకిట్లోనే కారు పెట్టుకుని పడుకున్నాను, వాళ్ళమ్మ చారన్నం పెట్టింది.

సాయంత్రాలు ఒంటరిగా అనిపించదా? ఏం చేసేవారు?

ఐదు నుంచి ఏడు దాకా కష్టంగానే ఉంటుంది, ఇంట్లోనైనా అంతే. చీకటి పడ్డాక నాకు పని దొరికేది.

చేయి పూర్తిగా చాచి పిడికిలి బిగిస్తే, ఆ పిడికిలి వెడల్పు ఆకాశంలో సుమారు పది డిగ్రీలు. విశాఖలో ధ్రువ నక్షత్రం దిగంతానికి దాదాపు రెండు పిడికిళ్ళ ఎత్తున ఉంటుంది. ఆ ఎత్తు ఆ చోటి అక్షాంశమంతే ఉంటుంది, మన అక్షాంశం 17.7 డిగ్రీలు. కన్యాకుమారి అక్షాంశం ఎనిమిది డిగ్రీలు, అక్కడ ఒక పిడికిలి కూడా నిండదు. దక్షిణాన కనిపించే అగస్త్య నక్షత్రం సంగతి దీనికి తిరగబడి ఉంటుంది, దక్షిణానికి వెళ్ళేకొద్దీ పైకి లేస్తుంది. ఫిబ్రవరి మొదట్లో రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో నేరుగా దక్షిణానికి వచ్చి, ఆ రాత్రికి తన అన్నిటికంటే పై ఎత్తున ఉంటుంది. విశాఖలో అప్పుడు రెండు పిడికిళ్ళు, కన్యాకుమారిలో దాదాపు మూడు. రోజూ కొలిచి డైరీలో రాసుకున్నాను. నల్లబల్ల మీద వృత్తం గీసి ఇన్నేళ్ళు చెప్పిన పాఠం, భూమి గుండ్రంగా ఉందన్న సంగతి, నా పిడికిలితో నేను కొలిచాను. పిచ్చావరం దగ్గర ఒక పడవాయన పిల్లలు ముగ్గురు నా పక్కన నిలబడి చేతులు చాచి కొలిచారు. ముగ్గురి పిడికిళ్ళూ చిన్నవి, చేతులూ చిన్నవే, లెక్క మాత్రం ఒకటే వచ్చింది. వాళ్ళకి తెలుగు రాదు, నాకు తమిళం రాదు. ఆ సాయంత్రం పాఠం బాగా జరిగింది.

నేను ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

మీ డాబా మీద నుంచి. ఒక రాత్రి అక్కడే గుడారం వేసి పడుకోండి. నడుముకి పడుతుందా, దోమలు ఎటునుంచి వస్తున్నాయి, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు, అన్నీ తెలుస్తాయి. రెండోది అరకులో డబ్బులిచ్చి ఉండే క్యాంపులో ఒక రాత్రి. ఘాట్ రోడ్డు మీద కారు, చలిలో మీరు ఎలా ఉంటారో తెలుస్తుంది. జనవరిలో అయితే మంచి రగ్గు కావాలి. మూడోది అన్నవరం, యానాం మీదుగా నాలుగు రోజులు. ఆ తర్వాత మీరు నన్ను అడగాల్సిన ప్రశ్నలు పెద్దగా మిగలవు.

పిల్లలు ఒప్పుకోకపోతే?

మా అమ్మాయి మూడు నెలలు ఒప్పుకోలేదు. డాబా మీద పడుకున్న ఫోటో, అరకు ఫోటో పంపాను. టైరు మార్చడం నేర్చుకుని వీడియో తీసి పంపాను. దాని షరతులు రెండు: రాత్రి ఎనిమిదికి ఫోన్ చేయాలి, ఒంట్లో బాగోకపోతే దాచకూడదు. రెండూ పాటించాను. పిల్లల భయాన్ని కొట్టిపారేయకండి. వాళ్ళు అడిగినవి చేసి చూపించండి.

తిరిగొచ్చాక ఏం చేయాలి?

సముద్రం పక్కన తిరిగిన కారు అడుగుభాగమంతా మంచినీళ్ళతో కడిగించాలి, ఉప్పు ఉండిపోతే తుప్పు పడుతుంది. గుడారం తడి లేకుండా రెండు రోజులు నీడలో ఆరేయాలి, లేకపోతే బూజు పడుతుంది. జిప్పుల్లో ఇసుక పాత టూత్‌బ్రష్‌తో దులపాలి. నేను మా డాబా మీద ఆ పని చేస్తుంటే కింది వాటా సూర్యకాంతం పిన్నిగారు పైకి వచ్చి, గుడారంలో దూరి కాసేపు కూర్చుని, "అరకుకి ఎప్పుడెళ్దాం?" అని అడిగారు. ఆవిడకి 71. వచ్చే నెల రెండో శనివారం అనుకుంటున్నాం, ఆవిడకి ఇప్పుడు ప్లైవుడ్ ముక్క ఎంత పొడుగు కావాలో కొలవాలి.